రుచి చూసి చెప్పు

టాంపినీస్, సింగపూర్
3 నవంబరు 1999

వదినగారికి ఉమ నమస్కారాలు.

మీరు పెట్టిన చీవాట్లు అందాయి. నెలకో ఉత్తరం రాస్తానని మాటిచ్చి మూడు నెలలు ఎగ్గొట్టినందుకు నాకవి చాలవు కూడా. అన్నయ్యగారికి మోకాలి నొప్పి తగ్గిందా? మీ తమ్ముడి సంగతి అడక్కండి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చిలెక్కలు చెప్తాయట, ఆ గండం గట్టెక్కించడానికి ఈయన లేకపోతే కుదరదట. ఇంట్లో కాలిపోయిన బల్బు మార్చడానికి మాత్రం తీరిక లేదు.

మొన్న ఆదివారం మా కాండో అపార్టుమెంట్లలో ఒక వింత పండగ జరిగింది. హాలోవీన్ అంటారు. కింద బ్లాకులో నాలుగైదు అమెరికా కుటుంబాలున్నాయి. వాళ్ళు మొదలుపెడితే అందరి పిల్లలూ ఎగబడ్డారు. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని తలుపు తలుపుకీ వెళ్తారు. ఇంటివాళ్ళు మిఠాయి పెట్టి పంపాలి. మీ కోడలుపిల్ల నిఖిల కూడా దయ్యం అయింది. మీ తమ్ముడి పాత పంచె కత్తిరించి, కళ్ళకి రెండు చిల్లులు పెట్టి కప్పాను. లిఫ్టులో అద్దం చూసుకుని అదే జడుసుకుని గోల పెట్టింది. నాలుగేళ్ళ దయ్యం కదా, దాని ధైర్యం అంతే.

ఎదురింటి చైనీస్ ఆంటీ మాత్రం తలుపు తియ్యలేదు. వాళ్ళకి దయ్యాల నెల వేరే ఉంది. ఆగస్టులో వీధి చివర అన్నం, నారింజపళ్ళు పెట్టి, కాయితాలు కాలుస్తారు. పోయినవాళ్ళతో ఆటలేంటని ఆవిడకి కోపం.

సంచీ నిండా చాక్లెట్లు తెచ్చుకుంది నిఖిల. అన్నీ నేల మీద పోసి, ఒక్కొక్క కాగితం చదివి, సగానికి సగం తీసేశాను. అది అలిగి సోఫా వెనక్కి పోయి కూచుంది. మీరు పంపిన సున్నుండ చూపిస్తే అప్పుడు బయటికొచ్చింది.

వీరాస్వామి మీ డబ్బా భద్రంగా తెచ్చిచ్చాడు. షిప్‌యార్డులో పన్నెండు గంటలు పనిచేసి, రెండు బస్సులు మారి, మన మందస కుర్రాడు ఇంత దూరం మోసుకొచ్చాడు. అన్నం పెట్టి పంపాను. సున్నుండలు అద్భుతం. జీడిపప్పు పాకం మాత్రం, ఎలా చెప్పాలో తెలియట్లేదు వదినగారూ, ఇక్కడికొచ్చేసరికి మక్కు వాసన వచ్చేసింది. ఇక్కడి ఉక్కకి జీడిపప్పు ఆగట్లేదు. మీ కష్టం పాడైపోతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఇక మీదట జీడిపప్పుతో చేసినవి పంపకండి. సున్నుండలు చాలు.

మీ
ఉమ


కాశీబుగ్గ
28 నవంబరు 1999

ఉమా,

బంగారంలాంటి నా కోడల్ని దయ్యాన్ని చేశావా? అదీ మా తమ్ముడి పంచెతోనా? ఆ పంచె నీ పెళ్ళికి నేను పెట్టింది. సరేలే, పనికొచ్చింది.

ఆ పండగేదో వినడానికి మన దివిటీల్లాగే ఉంది. దీపావళి సాయంత్రం మన పిల్లలు గోగుకర్రలకి గుడ్డ చుట్టి వెలిగించి, దిబ్బు దిబ్బు అని నేలకేసి కొట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి మిఠాయి తినరూ? అదీ పోయిన పెద్దలకి దారి చూపించడానికే. కాకపోతే మన పిల్లలు దయ్యాలకి దారి చూపిస్తారు, మీ పిల్లలు దయ్యాలే అయిపోతారు.

ఈ ఏడు కూడా అమ్మకీ నాన్నకీ ఆకులు వేసి వడ్డించాను. తమ్ముడు చెయ్యాల్సిన పని, వాడక్కడ ఉన్నాడు గనక నేను పెడుతున్నాను. నాన్నకి ఎండు నెత్తళ్ళ కూర, అమ్మకి సున్నుండలు. పోయినవాళ్ళ ఆకులో వాళ్ళకిష్టమైనదే వడ్డించాలి, మనకి నచ్చినది కాదు. మీ అన్నయ్యగారి ఇంట్లో ఈ ఆచారం లేదు. మా అమ్మానాన్నల కోసం ఆయనే ఆకులు కోసుకొస్తారు. దేవుడులాంటి మనిషి, మోకాలొక్కటే సహకరించదు.

మరి మా జీడిపప్పు మక్కిందా? పుట్టి బుద్ధెరిగాక ఈ మాట వినడం ఇదే. మా బట్టీలో కాలిన జీడిపిక్క, మా ఆడవాళ్ళు కొట్టిన పప్పు ఆరు నెలలైనా చెక్కుచెదరదు. మీ అన్నయ్యగారికి చెప్తే పళ్ళెం ముందు నుంచి లేచిపోయారు. నిన్ను అనడం లేదులే. మీ ఊరి గాలి అలాంటిది కాబోలు. అయినా జీడిపప్పు అమ్మి ఇంజనీరైనవాడి కూతురు జీడిపప్పు రుచి ఎరక్కుండా పెరగడమేంటమ్మా? జీడినూనెకి కాలి ఈ చేతులు మచ్చలు పడ్డది ఎవరి కోసం? ఏదో ఉపాయం ఆలోచిస్తాను. నీ వదిన ఉపాయానికి తిరుగుండదు.

కోడలికి ముద్దులు.

రాజకుమారి


టాంపినీస్
25 సెప్టెంబరు 2000

వదినగారూ,

నిఖిల ఇప్పుడు బడికెళ్తోంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్తుంది. "తిన్నావా?" అంటే "ఈటెన్ ఆల్రెడీ లా" అంటుంది. లా అనేది ఇక్కడివాళ్ళ ఊతపదం. ఇక్కడ సున్నుండలు దొరక్కపోలేదు, సెరంగూన్ రోడ్డులో ఒక అరవ ఆయన అమ్ముతాడు. అది ఒకటి కొరికి, "అత్తది బెస్ట్ లా" అని ఆయన ముందే చెప్పేసింది. సిగ్గుతో చచ్చాను.

ఈసారి దీపావళీ హాలోవీనూ ఒకే వారంలో వస్తున్నాయి. మళ్ళీ దయ్యం వేషమే కావాలట. పోయినేడాది పంచె పొట్టయిపోయింది, దాని కాళ్ళు అంత బయటికొచ్చాయి. అత్త సున్నుండలు ఎప్పుడొస్తాయని రోజూ అడుగుతోంది. వీరాస్వామి సెలవు మీద అక్కడికొచ్చాడు కదా, అతనితో పంపండి. శ్రమ పడి ఎక్కువ చెయ్యకండి.

ఉమ


కాశీబుగ్గ
14 అక్టోబరు 2000

ఉమా,

డబ్బా వీరాస్వామి చేతికిస్తున్నాను, దాంతోపాటే ఈ ఉత్తరం. దీపావళికి అందదు. వాడి టికెట్టు పండగ తర్వాతికి పడిందట. ఆలస్యమైనా అత్త చేతి మిఠాయి చేదవదు.

ఈసారి సున్నుండల్లో ఒక కిటుకుంది. ఏంటో చెప్పను. రుచి చూసి చెప్పు. తమ్ముడికి ముందు పెట్టకు, వాడు నాలుక మీద వేసుకోగానే పట్టేస్తాడు. నువ్వూ కోడలూ తిని, ఇద్దరూ ఆలోచించి రాయండి. కోడలు కనిపెడితే పట్టు లంగా. నువ్వు కనిపెడితే నీకేమీ లేదు, మరదలివి, నీకా మాత్రం తెలియాలి.

రాజకుమారి


కాశీబుగ్గ
6 నవంబరు 2000

ఉమా, నా తల్లీ,

తమ్ముడు ఫోన్లో చెప్పాక నేను ఏం విన్నానో నాకే తెలియలేదు. మీ అన్నయ్యగారు ఫోను లాక్కుని మళ్ళీ చెప్పించుకున్నారు. పోయింది అంటాడేంటమ్మా? ఐదేళ్ళ పిల్ల ఎక్కడికి పోతుంది?

ఆయాసం అన్నాడు. ఊపిరందలేదు అన్నాడు. మన రెండు వైపులా ఆయాసం ఉన్న మనిషి ఒక్కరు లేరు. అది ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఊళ్ళో అంత పెద్ద ఆస్పత్రులుండి ఒక పిల్లకి ఊపిరి ఇవ్వలేకపోయాయా?

నాకు పాస్‌పోర్టు లేదు. విశాఖపట్నం దాటని దాన్ని. ఇవాళ నీ పక్కన కూచోవాల్సిన దాన్ని ఇక్కడ బట్టీ గట్టు మీద కూచుని ఏడుస్తున్నాను. పిక్కలు కొట్టే ఆడవాళ్ళందరూ పని ఆపేసి నా చుట్టూ చేరారు. మా ఈరమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని, "ఏటి సేత్తావమ్మా, దేవుడికి కళ్ళు లేవు" అంది. నిజంగానే లేవు.

నువ్వు అన్నం తిను. తమ్ముడి చేత తినిపించు. వాడు లోపల లోపల కుమిలే రకం. నువ్వు తిట్టు, ఏడు, ఏదైనా చెయ్యి, వాణ్ణి మాత్రం ఒంటరిగా వదలకు.

నీ వదిన


టాంపినీస్
20 డిసెంబరు 2000

వదినగారికి,

మీ ఉత్తరాలు అందాయి. మేం తింటున్నాం. ఆయన ఆఫీసుకి వెళ్తున్నారు. మీరు దిగులు పెట్టుకోకండి.

ఉమ


కాశీబుగ్గ
2 మార్చి 2001

ఉమా,

నాలుగు ఉత్తరాలు రాస్తే నాలుగు ముక్కల జవాబు వచ్చింది. నిన్ను తప్పు పట్టను. కడుపుకోత నీది. కానీ తమ్ముడు కూడా "బాగున్నాం అక్కా" అని ఫోను పెట్టేస్తున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోతే వాణ్ణి చంకనేసుకు తిరిగినదాన్ని. నా గొంతు వినగానే వాడి గొంతు మారిపోతోంది. నేనేమైనా తప్పు చేశానా ఉమా? ఏదైనా అనకూడనిది అన్నానా?

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఆ డబ్బా మీకు అందిందా? నా కోడలు ఒక్క సున్నుండైనా తిని పోయిందా? అదొక్కటి తెలిస్తే నా మనసు కొంచెం కుదుటపడుతుంది. రాత్రీ పగలూ అదే తొలుస్తోంది.

కిటుకేంటో నువ్వు రాయలేదు. ఇంక దాచి ఏం చేసుకుంటాను? జీడిపప్పు. విరగని మంచి గుళ్ళు ఏరి, దోరగా వేయించి, మెత్తగా దంచి మినపసున్నిలో కలిపేశాను. నేతిలో కలిసిపోతే ఇంక మక్కదు కదా అని నా తెలివి. నువ్వు వద్దన్నా తినిపించేశానని మీ ముగ్గుర్నీ వేళాకోళం చేద్దామనుకున్నాను. ఇప్పుడు ఎవరిని చెయ్యను?

వచ్చే దీపావళికి దానికీ ఒక ఆకు వేస్తాను. చిన్నపిల్లలకి ఆకు వెయ్యరు, వాళ్ళు పెద్దల్లో కలవరు అంటున్నారు ఇక్కడ అందరూ. కలవకపోతే ఎవరు అన్నం పెడతారు దానికి? ఎవరేమన్నా నేను వేస్తాను. మా అమ్మ ఆకు పక్కన చిన్న ఆకు. ఆ సున్నుండలే చేసి పెడతాను.

రాజకుమారి


టాంపినీస్
19 మార్చి 2001
(ఇది పోస్టు చెయ్యలేదు)

వదినా,

ఎప్పుడూ గారు అని రాసేదాన్ని. ఇవాళ రాయలేకపోతున్నాను.

దానికి జీడిపప్పు పడదు. రెండేళ్ళప్పుడు ఎవరో కొంచెం జీడిపప్పు బర్ఫీ పెడితే పెదాలు వాచిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. డాక్టరు ఇంకెప్పుడూ తగలనివ్వొద్దన్నాడు. మీతో చెప్పమని ఆయన్ని అడిగాను. "అక్క నమ్మదు, నమ్మితే ఏడుస్తుంది. జీడిపప్పు ఇంటి పిల్లకి జీడిపప్పు పడదంటే శాపం అనుకుంటుంది. నువ్వే ఏదో ఒకటి రాసెయ్" అన్నారు. నాకూ మొహమాటమే. మీ చేతుల మచ్చలు చూసినదాన్ని, ఏమని రాయను? మక్కు వాసన అని రాశాను. పాకం చెత్తలో పోశాను. వాసన ఏమీ రాలేదు వదినా. మీ సరుకు ఎప్పుడూ మక్కలేదు.

ఆ సాయంత్రం అది దయ్యం వేషంలో ఇల్లిల్లూ తిరిగి సంచీ నింపుకుని వచ్చింది. అప్పటికే వీరాస్వామి మీ డబ్బా ఇచ్చి, డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. పోయినేడాదిలాగే సంచీ నేల మీద పోశాను. కళ్ళద్దాలు పెట్టుకుని చిన్న చిన్న అక్షరాలన్నీ చదివాను. నట్స్ అన్న మాట కనిపించిన ప్రతిదీ తీసేశాను. దాదాపు అన్నీ పోయాయి. అది నేల మీద పడి దొర్లి ఏడ్చింది. "మమ్మీ సో మీన్" అంది. ఊరివాళ్ళు ఇచ్చినవన్నీ అనుమానంగా చూశాను. మీ డబ్బా చూసి మాత్రం అనుమానం రాలేదు. అత్త పంపింది తల్లీ, ఇవి ఎన్నైనా తిను అని నా చేత్తో పెట్టాను. ఎన్నైనా తిను అన్నాను.

మీ ఉత్తరం చదివాను. కిటుకుందని రాశారు. పచ్చకర్పూరం అనుకున్నాను. వదినా, నేను నిజంగా పచ్చకర్పూరం అనుకున్నాను.

రెండు తిన్నది. మూడోది చేతిలో ఉంది. గొంతు గోక్కుంది. మంచినీళ్ళు అడిగింది. దయ్యం పంచె తీస్తే మెడంతా ఎర్రగా ఉంది. ఆంబులెన్స్ వచ్చింది, వాళ్ళు చెయ్యాల్సిందంతా చేశారు. ఆయన ఆఫీసు నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చేసరికి అయిపోయింది.

ఏం తిన్నదని డాక్టరు పదే పదే అడిగాడు. సున్నుండలు, వాటిలో మినుములు, బెల్లం, నెయ్యి తప్ప ఏమీ ఉండవని నేను ఒట్టేసి చెప్పాను. ఇంటికొచ్చాక ఆయన డబ్బా తీసి ఒక ముక్క నాలుక మీద పెట్టుకున్నారు. జీడిపప్పేనని పట్టేశారు. అక్కకి తెలియకూడదు, అక్క బతకదు అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఈ విషయం మాట్లాడలేదు. మీ ఫోను వస్తే బాగున్నామని చెప్పి పెట్టేస్తారు.

మీరు ప్రేమతో చేశారు. నేను ప్రేమతో పెట్టాను. మధ్యలో నేను రాసిన ఒక్క అబద్ధం ఉంది. పడదు అన్న ఒక్క మాట రాసి ఉంటే మీరు నాలుగు రోజులు అలిగేవారు, అంతే. మీ అలకకి భయపడి నా కూతుర్ని పోగొట్టుకున్నాను.

ఒక్కోసారి మీ మీద కోపం వస్తుంది. వద్దంటే ఎందుకు వేశారు, వద్దన్నాను కదా అని గోడతో పోట్లాడతాను. మళ్ళీ నేనే నోరు మూసుకుంటాను. ఈ ఉత్తరం పంపితే నా బరువు తగ్గుతుంది. తగ్గిన బరువు మీ నెత్తి మీద పడుతుంది. మీరు మోయలేరు.


టాంపినీస్
19 మార్చి 2001

వదినగారికి,

అడిగారు కనక చెప్తున్నాను. డబ్బా అందింది. నిఖిల తిన్నది. రెండు తిన్నది. చాలా ఇష్టంగా తిన్నది. "అత్తది బెస్ట్ లా" అంది.

మీరు ఏ తప్పూ చెయ్యలేదు.

ఉమ


కాశీబుగ్గ
24 సెప్టెంబరు 2001

ఉమా,

నువ్వు రాసిన ఆ నాలుగు మాటలు దేవుడి పటం వెనక పెట్టుకున్నాను. రెండు తిన్నదని బట్టీలో అందరికీ చెప్పుకున్నాను. పోయిన నెలదాకా అదే నాకు ఆసరా.

వీరాస్వామి సెలవు మీద వచ్చాడు. వాడికి అన్నం పెట్టి మీ క్షేమం అడిగాను. తల ఎత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "ఏదో తిన్నదంటమ్మా పాప. అది ఒంటికి పడలేదంట. ఆస్పత్రికాడ అనుకున్నారు. మీకు సెప్పలేదేటి?" అని. నాకు చెప్పలేదు నాయనా, నాకు ఆయాసం అని చెప్పారు అన్నాను. వాడు నాలుక్కరుచుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నేను ఆలోచిస్తూనే ఉన్నాను. నా గొంతు వింటే తమ్ముడి గొంతు ఎందుకు మారుతుందో. నువ్వు గారు, గారు అంటూనే నాకు ఎందుకు దూరమైపోయావో. జీడిపప్పు పంపొద్దని ఎందుకు రాశావో.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నా సున్నుండలేనా?

మీ అన్నయ్యగారికి ఈ మాట చెప్పలేదు. నెల రోజులుగా పప్పు ముట్టలేదు నేను. అవునంటే ఇక ఈ చేతులతో ఉన్నవాళ్ళకి గాని పోయినవాళ్ళకి గాని ఏమీ చెయ్యను. దాని ఆకు కూడా వెయ్యను. ఏ మొహం పెట్టుకుని వేస్తాను? కాదంటే మాత్రం దీపావళి లోపు రాయి. పండగ నవంబరు పద్నాలుగున.

రాజకుమారి


టాంపినీస్
1 నవంబరు 2001

వదినగారికి,

ఆలస్యానికి క్షమించండి. ఇక్కడ ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మీ తమ్ముడి కుర్చీ ఇంకా ఉంది, దిగులు పడకండి.

నిన్న మళ్ళీ ఆ పండగ వచ్చింది. అమెరికాలో అంత ఘోరం జరిగాక ఈసారి చెయ్యరనుకున్నాను. చేశారు. పిల్లలకి ఏం తెలుసు పాపం. తలుపు వేసుకుని, దీపాలు ఆర్పేసి కూచుందామని ఆయన అన్నారు. నేనే తలుపు తీసి పెట్టాను. నారింజపళ్ళు కొని పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో కూచున్నాను. వచ్చిన ప్రతి పిల్ల తల్లినీ, మీ పాపకి నారింజ పడుతుందా అని అడిగి ఇచ్చాను. ఒకావిడ నవ్వింది. ఇంకొకావిడకి నా సంగతి తెలుసు కాబోలు, నా భుజం మీద చెయ్యి వేసింది.

తెల్ల దుప్పటి కప్పుకుని ఒక చిన్న పిల్ల వచ్చింది. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పండు ఇచ్చి తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. ఎదురింటి చైనీస్ ఆంటీ తలుపు తట్టి లోపలికొచ్చి, నా పక్కన నేల మీద కూచుంది.

ఇంక మీరు అడిగినది. వీరాస్వామి విన్నది అబద్ధం కాదు. ఏదో తిన్నది, అది పడలేదు. మీకు ఆయాసం అని చెప్పింది నన్ను కాపాడ్డానికి. తప్పు నాది. ఆ రోజు తెచ్చుకున్న సంచీలో ఒక చాక్లెట్ నా కళ్ళు కప్పి ఉండిపోయింది. నేను సరిగ్గా చూడలేదు. అది దాచుకుని తిన్నది. మీ తమ్ముడు మీతో మాట్లాడలేనిది అందుకే. పెళ్ళాం నిర్లక్ష్యం వల్ల పిల్ల పోయిందని అక్కతో ఏ మగాడు చెప్పుకుంటాడు?

మీ సున్నుండలు అంతకు రెండు రోజుల ముందే తిన్నది. ఏమీ కాలేదు. ఆడుకుంది, నిద్రపోయింది, మర్నాడు బడికి వెళ్ళింది. నా బిడ్డ మీద ఒట్టు పెట్టమంటే పెడతాను.

కాదు వదినగారూ. మీ సున్నుండలు కాదు.

దానికి ఆకు వెయ్యండి. ఎవరేమన్నా వెయ్యండి. మీ అమ్మగారి పక్కన చిన్న ఆకు వేసి, సున్నుండలు చేసి పెట్టండి. ఇక్కడ నాకు ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో తెలియట్లేదు. మీరు పెట్టకపోతే అది పస్తుంటుంది.

మీ
ఉమ


కాశీబుగ్గ
16 నవంబరు 2001

ఉమా,

నీ ఉత్తరం పండగకి రెండు రోజుల ముందు అందింది. చదివాను. నువ్వు కాదన్నావు. సరేనమ్మా. ఇంక ఈ మాట నీ దగ్గర నేను ఎత్తను, నా దగ్గర నువ్వు ఎత్తకు. వీరాస్వామి డబ్బా మీ ఇంటికి తెచ్చింది ఏ సాయంత్రమో వాడు తిరిగి వెళ్ళేముందు నాకు చెప్పాడు. దాని గురించి కూడా మనం మాట్లాడుకోవద్దు. బిడ్డ మీద ఇంకెప్పుడూ ఒట్టు పెట్టకు.

నీ నిర్లక్ష్యం అన్నావు. ఆ మాట మాత్రం ఒప్పుకోను. నువ్వెలా చూసుకున్నావో నాకు తెలుసు. తమ్ముణ్ణి ఒకసారి ఫోను చెయ్యమను. ఏమీ అడగనని చెప్పు. ఊరికే వాడి గొంతు వింటాను.

దీపావళి నాడు ఆకులు వేశాను. నాన్నకి నెత్తళ్ళు, అమ్మకి ఆవిడ సున్నుండలు. అమ్మ పక్కన చిన్న ఆకు. చుట్టాలు ఇద్దరు ముగ్గురు నొసలు చిట్లించారు. మీ అన్నయ్యగారు వాళ్ళకేసి ఒక్క చూపు చూస్తే సద్దుకున్నారు.

దాని సున్నుండలు విడిగా చేశాను. మన రోట్లో ఎప్పుడూ జీడిపప్పు నలుగుతూ ఉంటుంది కదా, దాని పొడి ఎక్కడైనా అంటుకుని ఉంటుందేమోనని రోలు ముట్టలేదు. ఈరమ్మ ఇంటి నుంచి తిరగలి తెచ్చుకున్నాను. వాళ్ళింట్లో ఏనాడూ జీడిపప్పు ఆడలేదు. అయినా రెండుసార్లు కడిగి ఎండబెట్టాను. నెయ్యి ఇంట్లోది కాకుండా వెన్న కొనితెచ్చి కాచాను. ముందురోజు నుంచి బట్టీ వైపు వెళ్ళలేదు. కుంకుడుకాయతో మోచేతుల దాకా తోముకుని, ఉతికిన చీర కట్టుకుని చేశాను. ఉత్త మినుములు, బెల్లం, నెయ్యి. ఇంకేమీ వెయ్యలేదు.

నా కోడలు భయం లేకుండా తినొచ్చు.

రాజకుమారి